పాత ఫోన్, లాప్‌టాప్ అమ్మేస్తున్నా, రీసెట్ కొడితే సరిపోతుందా?

నీలిగాలిపటం (ప్రశ్న):

అందరికీ నమస్తే. కొత్త ఫోన్ తీసుకుని రెండు వారాలైంది, పాత ఆండ్రాయిడ్ ఫోన్ డ్రాయర్‌లో ఊరికే పడుంది, దాంతోపాటు ఏడేళ్ల నాటి లాప్‌టాప్ కూడా ఉంది, రెండూ అమ్మేద్దామనుకుంటున్నా. కొనేది తెలిసినవాళ్లు కాదు, యాడ్ చూసి మెసేజ్ పెట్టిన ఒకాయన. ఆదివారం వచ్చి తీసుకుంటా అన్నాడు. అప్పట్నుంచీ నాకు భయం పట్టుకుంది ఎందుకంటే ఆ ఫోన్‌లో లేనిదంటూ లేదు, బ్యాంక్ యాప్, నాన్న హాస్పిటల్ రిపోర్టులు, ఇంట్లో అందరి గుర్తింపు కార్డుల ఫొటోలు, పిల్లల ఫొటోలు, ఆఫీస్ మెయిల్ అన్నీ.

ఫ్యాక్టరీ రీసెట్ కొడితే ఇవన్నీ నిజంగా పోతాయా? తమ్ముడేమో ఎన్నిసార్లు కొట్టినా సాఫ్ట్‌వేర్ పెట్టి మళ్లీ లాగేస్తారు, అమ్మొద్దు సుత్తి తీసుకుని పగలగొట్టెయ్ అంటున్నాడు. ఆఫీస్‌లో ఒకాయన లాప్‌టాప్ హార్డ్ డిస్క్‌ని 35 సార్లు ఓవర్‌రైట్ చేస్తే, అంటే పాత డేటా మీద వేరేది రాస్తే తప్ప డేటా పోదు అన్నాడు. ఎవరి మాట నమ్మాలో తెలీట్లేదు.

ఇంకోటి, పాత ఫోన్ ఒకసారి కింద పడినప్పట్నుంచీ స్క్రీన్ కింది సగంలో టచ్ పని చెయ్యదు. పైసగం బానే ఉంది. సెట్టింగ్స్‌లో రీసెట్ బటన్ సరిగ్గా ఆ కింది సగంలోనే వస్తోంది!! ప్రస్తుతానికి ఫోన్‌ని అడ్డంగా తిప్పుకుని, గూగుల్ ఫొటోస్ యాప్ తెరిచి ఫొటోలు నేనే సెలెక్ట్ చేసి డిలీట్ చేస్తున్నా, నిన్న రాత్రి ఒక 400 దాకా తీసేశా. మిగతావి ఇవాళ చేస్తా. ఈలోపు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

స్క్రూడ్రైవర్:

బ్రదర్, ముందు ఆ డిలీట్ చెయ్యడం ఆపండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ఇప్పుడే కొత్త ఫోన్ తీసి అందులో గూగుల్ ఫొటోస్ తెరిచి ఆ 400 ఫొటోలు ఉన్నాయో లేదో చూడండి. రెండు ఫోన్లలో ఒకే అకౌంట్ ఉండి బ్యాకప్ ఆన్‌లో ఉంటే, ఆ యాప్‌లో ఒకచోట తీసేసింది క్లౌడ్‌లోనూ పోతుంది, కొత్త ఫోన్‌లోనూ పోతుంది. మీరు పాత ఫోన్ ఖాళీ చేస్తున్నా అనుకుంటున్నారు, నిజానికి మీ ఆల్బమ్ మొత్తం ఖాళీ అవుతోంది. కంగారుపడకండి, బ్యాకప్ అయిన ఫొటోలు ట్రాష్‌లో 60 రోజులు ఉంటాయి, అక్కడికెళ్లి అన్నీ సెలెక్ట్ చేసి రీస్టోర్ కొట్టండి. పొరపాటున కూడా ట్రాష్ ఖాళీ చెయ్యొద్దు. ఐఫోన్ వాళ్లకీ ఇదే కథ, ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్‌లో ఉంటే ఒకదాంట్లో తీసేస్తే అన్నింట్లోనూ పోతాయి, అక్కడ రీసెంట్లీ డిలీటెడ్‌లో 30 రోజులే టైమ్.

అది అయ్యాక చెప్పండి, మిగతాది రాస్తా.

నీలిగాలిపటం:

అన్నా చేతులు వణికాయి నాకు. కొత్త ఫోన్‌లో చూస్తే నిజంగానే లేవు. పాప మొదటిసారి నడిచిన వీడియోతో సహా పోయింది. ట్రాష్‌లో మొత్తం ఉన్నాయి, 412 వచ్చాయి, రీస్టోర్ కొట్టా, ఒక్కొక్కటిగా వెనక్కి వచ్చాయి. మీరు చెప్పకపోతే ఇవాళ మిగతావి కూడా తీసేసి ట్రాష్ కూడా ఖాళీ చేసేవాణ్ని, చోటు తగ్గుతుందని. చాలా చాలా థాంక్స్.

స్క్రూడ్రైవర్:

హమ్మయ్య. ఇప్పుడు అసలు సంగతికొద్దాం. నేను ఫోన్ రిపేర్ పనిలో ఉన్నా, రోజూ చూసేదే.

మీ తమ్ముడు చెప్పింది ఒకప్పుడు నిజమే. పాత ఫోన్లలో డేటా మామూలుగా, అంటే ఎన్‌క్రిప్ట్ కాకుండా ఉండేది, రీసెట్ కొట్టినా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొంత వెనక్కి వచ్చేది. ఇప్పుడు అలా కాదు. ఐఫోన్లలో 2009లో వచ్చిన 3జీఎస్ నుంచే హార్డ్‌వేర్ ఎన్‌క్రిప్షన్ ఉంది. ఆండ్రాయిడ్‌లో 2015లో వచ్చిన 6.0 నుంచి చాలా ఫోన్లకి పెట్టెలోంచి తీసేటప్పటికే ఎన్‌క్రిప్షన్ ఉంటోంది, 2019లో ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ఫోన్లకైతే అన్నింటికీ తప్పనిసరి చేశారు. అంటే మీ ఫొటోలు, మెసేజ్‌లు అన్నీ లోపల తాళం వేసిన గదిలో ఉన్నట్టు, రీసెట్ కొట్టగానే ఫోన్ ఆ తాళంచెవినే నాశనం చేసేస్తుంది. తర్వాత చిప్ ఊడదీసి చదివినా అర్థంలేని చెత్తే వస్తుంది. కాబట్టి మీ ఫోన్ మరీ పాతది కాకపోతే ఒక్క రీసెట్ చాలు. మరీ పాతదైతే సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్ట్ ఫోన్ అని ఉంటుంది, ముందు అది చేసి ఆ తర్వాత రీసెట్ కొట్టండి.

సుత్తితో మాత్రం అస్సలు కొట్టొద్దు. లోపల ఉన్నది లిథియం బ్యాటరీ, అది నలిగితే మంట లేస్తుంది. ఈ మాట మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి.

రీసెట్‌తో పోనిది ఒకటుంది, మెమరీ కార్డ్. మామూలుగా వాడే కార్డ్ మీద ఎన్‌క్రిప్షన్ ఉండదు. నా దగ్గరికి వచ్చే సెకండ్‌హ్యాండ్ ఫోన్లలో ఎన్నిసార్లు చూశానో, ఫోన్ శుభ్రంగా రీసెట్ చేసి ఉంటుంది, స్క్రీన్ మీద హలో అని భాష అడుగుతుంటుంది, పిన్ను గుచ్చి ట్రే లాగితే వేలిగోరంత నల్ల కార్డ్, దాని నిండా పాత ఓనర్ ఇంట్లో ఫంక్షన్ల ఫొటోలు. వాళ్లకి అది ఉందనే గుర్తుండదు. సిమ్ తీసేటప్పుడే ట్రేలో రెండో గది కూడా చూసుకోండి. ఈ-సిమ్ వాడుతుంటే ముందు నంబర్ కొత్త ఫోన్‌కి మార్చుకుని, అది పని చేస్తోందని చూసుకుని, అప్పుడు రీసెట్‌లో ఈ-సిమ్ కూడా తీసెయ్యాలా అని అడిగినచోట టిక్ పెట్టండి.

ఇక టచ్ సంగతి. ఓటీజీ అడాప్టర్ (ఫోన్ చార్జింగ్ పోర్ట్‌కి యూఎస్‌బీ వస్తువులు తగిలించే చిన్న కనెక్టర్) తెచ్చి మామూలు యూఎస్‌బీ మౌస్ తగిలించండి, స్క్రీన్ మీద బాణం వస్తుంది, టచ్ పని చెయ్యని చోట కూడా క్లిక్ అవుతుంది. కంప్యూటర్ మౌస్ ఏదైనా పర్లేదు. స్క్రీనే పూర్తిగా నల్లగా అయిపోయిన ఫోనైతే వేరే దారి, కొన్ని మోడల్స్‌కి టీవీకి కలిపే కేబుల్‌తో బొమ్మ వస్తుంది, లేకపోతే వెబ్‌లో మన గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయి ఫోన్‌ని వెతికే పేజీలోంచి ఎరేజ్ కొట్టొచ్చు. కాకపోతే దానికి ఫోన్ ఆన్‌లో ఉండాలి, నెట్ ఉండాలి, పైగా అలా చెరిపితే మన అకౌంట్ తాళం ఫోన్ మీద అలాగే ఉండిపోతుంది, కొన్నవాళ్లు వాడుకోలేరు. మీకు పై సగం పని చేస్తోంది కాబట్టి మౌసే బెస్ట్.

ఆ అకౌంట్ తాళం గురించి కూడా చెప్పాలి. ఫోన్ దొంగిలించినవాడు రీసెట్ కొట్టి వాడుకోకుండా ఐఫోన్లలో 2013 నుంచి, ఆండ్రాయిడ్‌లో 2015 నుంచి ఈ లాక్ పెట్టారు, రీసెట్ తర్వాత కూడా పాత ఓనర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అందుకే బటన్లు నొక్కిపట్టి రికవరీ మెనూలోంచి రీసెట్ కొట్టొద్దు, సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్లి ముందు గూగుల్ అకౌంట్ తీసేసి, అదే సెట్టింగ్స్‌లోంచి రీసెట్ చెయ్యండి. శాంసంగ్, షావోమీ లాంటి ఫోన్లయితే ఆ కంపెనీ అకౌంట్ కూడా విడిగా ఉంటుంది, దాన్నీ తీసెయ్యాలి. ఐఫోనైతే ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్ అనే దాంట్లో ఎరేజ్ ఆల్ కంటెంట్ కొడితే యాపిల్ పాస్‌వర్డ్ అడిగి లాక్ అదే తీసేస్తుంది. వాచ్ జతచేసి ఉంటే ముందు దాన్ని విడదీయండి.

వెన్నెలమెట్లు:

స్క్రూడ్రైవర్ గారు అన్నీ చెప్పారు కానీ రీసెట్‌కి ముందు చెయ్యాల్సింది ఒకటి మిగిలిపోయింది, అందులోనే నేను దెబ్బతిన్నా కాబట్టి పెద్దగానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

పోయినేడాది నేనూ ఇలాగే ఫోన్ మార్చా. ఫొటోలు, కాంటాక్ట్స్, చాట్స్ అన్నీ కొత్తదాంట్లోకి వచ్చాయి, సంతోషంగా పాతది రీసెట్ కొట్టి చెల్లికిచ్చేశా. మూడో రోజు ఆఫీస్ అకౌంట్‌లో లాగిన్ అవ్వబోతే ఆరంకెల కోడ్ అడిగింది. ఆ కోడ్ ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ కొత్త ఫోన్‌లో ఉంది, తెరిస్తే లోపల ఖాళీ. కోడ్‌లు తయారుచేసే సీక్రెట్ పాత ఫోన్‌లోనే ఉండిపోయింది, దాన్ని నేనే నా చేత్తో చెరిపేశా. ఆఫీస్‌ది ఐటీ వాళ్లు రీసెట్ చేశారు, నా సొంత మెయిల్ ఒకటి మాత్రం ఎన్ని ఫారాలు నింపినా తిరిగి రాలేదు, పదేళ్ల ఉత్తరాలు అందులో ఉన్నాయి.

కాబట్టి నీలిగాలిపటం గారూ, పాత ఫోన్ చేతిలో ఉండగానే ఆథెంటికేటర్ తెరిచి ట్రాన్స్‌ఫర్ అకౌంట్స్‌లో ఎక్స్‌పోర్ట్ కొడితే క్యూఆర్ వస్తుంది, కొత్త ఫోన్‌తో దాన్ని స్కాన్ చెయ్యండి. గూగుల్ ఆథెంటికేటర్‌లో 2023 నుంచి అకౌంట్‌కి సింక్ చేసుకునే వీలు కూడా వచ్చింది కానీ అది ఆన్‌లో ఉందనుకుని ఊరుకోవద్దు, కళ్లతో చూసుకోండి. కొత్త ఫోన్‌లో వచ్చిన కోడ్‌తో ఒక్కో అకౌంట్‌లో నిజంగా లాగిన్ అయి చూడండి, అన్నీ లోపలికి పోనిచ్చాకే పాతది ముట్టుకోండి. గూగుల్ అకౌంట్‌కి బ్యాకప్ కోడ్‌లు కూడా తీసుకోవచ్చు, 10 కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి 8 అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పని చేస్తుంది. వాటిని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, ఫోన్‌లో స్క్రీన్‌షాట్‌గా కాదు, ఎందుకంటే ఫోన్ పోయినప్పుడే కదా వాటి అవసరం.

బ్యాంక్ యాప్‌లూ అంతే, కొన్ని కొత్త ఫోన్‌లో రిజిస్టర్ చేసేటప్పుడు పాత ఫోన్‌లో అప్రూవ్ కొట్టమంటాయి. వాట్సాప్ బ్యాకప్‌కి పాస్‌వర్డ్ గానీ 64 అంకెల కీ గానీ పెట్టుకుని ఉంటే అది గుర్తుందో లేదో ఇప్పుడే చూసుకోండి, అది మర్చిపోతే ఆ బ్యాకప్ కంపెనీ వాళ్లు కూడా తెరవలేరు.

రెండు వారాలైంది కాబట్టి అన్నీ అయిపోయాయి అనిపిస్తుంది కానీ నెలకోసారి తెరిచే యాప్‌లు ఉంటాయి చూడండి, బీమాది, పన్నుది, స్కూల్ ఫీజుది, అవే దొరకబుచ్చుకుంటాయి. పాత ఫోన్‌లో యాప్‌ల లిస్ట్ మొత్తం ఒకసారి పైనుంచి కిందిదాకా చూస్తూ ఇది కొత్తదాంట్లో తెరుచుకుందా అని ఒక్కొక్కటీ అడుగుతూ పోండి. ఒక సాయంత్రం పడుతుంది, పడనివ్వండి.

తీగలాగితే:

లాప్‌టాప్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. ఆ 35 సార్లు అన్న మాట ఎక్కడిదంటే, 1996లో పీటర్ గుట్‌మన్ అనే ఆయన ఒక పేపర్ రాశారు, అప్పటి రకరకాల డిస్క్‌ల రికార్డింగ్ పద్ధతులన్నింటికీ కలిపి 35 సార్లు వేరే వేరే నమూనాలతో రాయడం అందులోదే. ఏ ఒక్క డిస్క్‌కీ ఆ మొత్తం అవసరం లేదని తర్వాత ఆయనే చెప్పారు. ఇప్పటి హార్డ్ డిస్క్‌కి మొత్తం ఒక్కసారి ఓవర్‌రైట్ చేస్తే సరిపోతుంది, అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ గైడ్‌లైన్స్ కూడా అదే చెప్తాయి. మీ ఆఫీస్ ఆయన మాట వింటే ఆ లాప్‌టాప్ రోజుల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

కానీ రీసైకిల్ బిన్ ఖాళీ చేసో, క్విక్ ఫార్మాట్ కొట్టో అయిపోయిందనుకోవద్దు. డిలీట్ చేసినప్పుడు సిస్టమ్ ఆ ఫైల్ పేరుని లిస్ట్‌లోంచి కొట్టేస్తుందంతే, ఫైల్ మాత్రం డిస్క్ మీద అలాగే ఉంటుంది, ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్ చాలు బయటికి తియ్యడానికి.

మీ లాప్‌టాప్‌లో ఉన్నది తిరిగే పళ్లెం ఉండే హార్డ్ డిస్కా, చిప్‌ల మీద డేటా దాచే ఎస్ఎస్‌డీనా ముందు చూడండి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ పక్కనే రాసి ఉంటుంది. హార్డ్ డిస్కైతే విండోస్ సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి రీసెట్ దిస్ పీసీ, రిమూవ్ ఎవ్రీథింగ్ కొట్టి, అక్కడితో ఆగకుండా చేంజ్ సెట్టింగ్స్‌లో క్లీన్ డేటా అనేది ఆన్ చెయ్యండి. చాలామంది వదిలేసేది ఆ చిన్న మీటే. గంటల తరబడి పడుతుంది, చార్జర్ పెట్టి వదిలెయ్యండి.

ఎస్ఎస్‌డీ అయితే ఓవర్‌రైట్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. అరుగుదల అన్ని సెల్స్‌కీ సమానంగా పంచడానికి అది మనం రాసింది ఎక్కడెక్కడో పెడుతుంది, కొన్ని బ్లాక్‌లు మనకి కనపడకుండా పక్కన ఉంచుకుంటుంది, వాటిదాకా మన ఓవర్‌రైట్ వెళ్లదు. దానికి డిస్క్ కంపెనీ వాళ్ల టూల్‌లో సెక్యూర్ ఎరేజ్ ఉంటుంది, అది వాడండి. అది కుదరకపోతే ముందు విండోస్‌లోనే ఉండే బిట్‌లాకర్ అనే ఎన్‌క్రిప్షన్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్ చేసి, మొత్తం డ్రైవ్ పూర్తయ్యాక రీసెట్. ఇందాక ఫోన్‌కి చెప్పిన తాళంచెవి లెక్కే. కొత్త మ్యాక్‌లలో ఫోన్‌లో లాగే ఎరేజ్ ఆల్ కంటెంట్ అని ఒకే ఆప్షన్ ఉంది, 2021లో వచ్చిన మాంటెరీ నుంచి.

రీసెట్‌కి ముందు బ్రౌజర్ హిస్టరీ, పాస్‌వర్డ్‌లు క్లియర్ చేద్దామని కూర్చోకండి, సింక్ ఆన్‌లో ఉండగా క్లియర్ చేస్తే కొత్త కంప్యూటర్‌లోవీ పోతాయి, మీ ఫొటోలకి జరిగిందే మళ్లీ జరుగుతుంది. ఊరికే సైన్ అవుట్ అవ్వండి చాలు.

ఇంకో మాట, కొనే ఆయనకి నిజం చెప్పండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఏడేళ్ల మెషీన్‌లో విండోస్ 11 ఎక్కకపోవచ్చు. తెలిసీ చెప్పకపోతే రేపు గొడవ మీ గుమ్మం ముందుకొస్తుంది.

రావిచెట్టునీడ:

ఆ చివరి మాట దగ్గర్నుంచి నేను అందుకుంటా, నేను ఒక లాయర్ గారి ఆఫీస్‌లో కాగితాల పని చూస్తా. అమ్మేటప్పుడు అందరూ డేటా గురించే ఆలోచిస్తారు, కాగితం గురించి ఎవరూ ఆలోచించరు. మీరు కొన్నప్పటి బిల్లు మీద ఆ ఫోన్ ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబర్), మీ పేరు రెండూ ఉంటాయి. రేపు ఆ ఫోన్ ఎవరి చేతిలోనో పడి ఏదైనా తప్పు పనికి వాడితే, వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ముందు వచ్చేది బిల్లు మీదున్న మనిషి దగ్గరికే. అప్పుడు ఫలానా రోజు అమ్మేశానండీ అని నోటిమాటగా చెప్తే సరిపోదు, చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి.

పెద్ద దస్తావేజేం అక్కర్లేదు. ఫోన్‌లో *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ వస్తుంది, రెండు సిమ్‌ల ఫోనైతే రెండు వస్తాయి, రెండూ రాసుకోండి. రీసెట్‌కి ముందే రాసుకుంటే మంచిది. లాప్‌టాప్‌కి అడుగున సీరియల్ నంబర్ ఉంటుంది. ఒక తెల్లకాగితం మీద ఇలా రాయండి:

"ఈ తేదీన, ఇన్ని గంటలకు, ఈ మోడల్ ఫోన్, ఈ ఐఎంఈఐ నంబర్లు కలది, ఇంత మొత్తానికి అమ్మాను. స్క్రీన్ కింది సగంలో టచ్ పనిచేయదని ముందే చెప్పాను, కొన్నవారు చూసుకుని తీసుకున్నారు. సిమ్, మెమరీ కార్డ్, నా అకౌంట్లు అన్నీ తీసేసి ఇచ్చాను."

కింద ఇద్దరి పేర్లు, సంతకాలు. రెండు కాపీలు, ఒకటి మీకు ఒకటి ఆయనకి. ఆ టచ్ లైన్ మాత్రం వదలొద్దు, తెలిసిన లోపం దాచి అమ్మారు అనే మాట ఎక్కడైనా అమ్మినవాళ్ల మెడకే చుట్టుకుంటుంది, చెప్పినట్టు రాతలో ఉంటే ఆ మాటే రాదు. ఒరిజినల్ బిల్లు ఇచ్చేస్తే ముందు దాని కాపీ తీసుకోండి. వాయిదాల మీద కొన్నదై ఇంకా బాకీ ఉంటే అది తీరకముందు అమ్మకండి. ఆ లాప్‌టాప్ ఆఫీస్ ఇచ్చినదైతే అసలు మీది కాదు, చెరపడం కూడా వాళ్లని అడిగాకే.

డబ్బు విషయంలో ఒక్క ముక్క. డబ్బు పంపిస్తున్నా, మీకొచ్చిన కోడ్ చెప్పండి, ఈ లింక్ నొక్కి పిన్ కొట్టండి అని ఎవరన్నా అక్కడితో మాటలు ఆపెయ్యండి. డబ్బు తీసుకోవడానికి మన పిన్‌తో ఎవరికీ పని లేదు. డబ్బు వచ్చిందా లేదా అని మీ అకౌంట్ తెరిచి చూసుకోండి, ఆయన చూపించే స్క్రీన్‌షాట్ చూసి కాదు.

స్క్రూడ్రైవర్:

కాగితం మాట చాలా బాగా చెప్పారు అన్నా. ఒక్కటి కలుపుతా, రీసెట్ ఇంట్లోనే చేసెయ్యండి కానీ హలో స్క్రీన్ దగ్గర ఆపి ఫోన్ ఆఫ్ చెయ్యండి, మళ్లీ మీ అకౌంట్‌తో సెటప్ చెయ్యొద్దు. కొనే ఆయన వచ్చాక ఆయన సిమ్, ఆయన అకౌంట్ పెట్టుకుని హోమ్ స్క్రీన్ వచ్చేదాకా పక్కనే కూర్చోండి. పాత పాస్‌వర్డ్ అడగలేదంటే తాళం పోయినట్టే, రాత్రి ఫోన్ చేసి లాక్ అడుగుతోంది అనే పని ఉండదు. ఆ మౌస్ కూడా దగ్గర పెట్టుకోండి, ఆయనకి మొదటి సెటప్‌లో కావాల్సొస్తుంది.

నీలిగాలిపటం:

అందరికీ అప్‌డేట్ ఇస్తున్నా. శనివారం సాయంత్రం మొత్తం దీనికే పోయింది. వెన్నెలమెట్లు అక్కా, మీరు చెప్పినట్టు యాప్‌ల లిస్ట్ పైనుంచి కిందికి చూస్తూ వచ్చా, ఆథెంటికేటర్‌లో ఐదు అకౌంట్లు ఉన్నాయి, కొత్త ఫోన్‌లో ఒక్కటి కూడా లేదు!! ఎక్స్‌పోర్ట్ చేసి ఐదింట్లోనూ లాగిన్ అయి చూశా. బ్యాకప్ కోడ్‌లు నాన్న రిపోర్టుల ఫైల్‌లోనే రాసి పెట్టా. ట్రే లాగితే రెండో గదిలో మెమరీ కార్డ్ ఉంది, నేను పెట్టినట్టే గుర్తు లేదు, దాంట్లో మూడేళ్ల కిందటి గుర్తింపు కార్డుల స్కాన్‌లన్నీ ఉన్నాయి.

మౌస్ తగిలించగానే బాణం వచ్చింది, తమ్ముడే దగ్గరుండి చూశాడు. వాడి సుత్తి లోపల పెట్టించేశా. లాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్, క్లీన్ డేటా ఆన్ చేసి రాత్రి పెడితే తెల్లారేసరికి అయింది. విండోస్ సంగతి చెప్తే ఆయన పర్లేదండి లినక్స్ వేసుకుంటా అన్నాడు, టచ్ సంగతి కూడా రాసిచ్చేసరికి ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండి అని సంతోషంగా సంతకం పెట్టాడు. ఫోన్ ఆయన అకౌంట్‌తో ఏ పాస్‌వర్డ్ అడక్కుండా తెరుచుకుంది. కాగితం ఫొటో తీసి బిల్లు కాపీతో పాటు మెయిల్‌లో పెట్టుకున్నా.